ఖాళీగా తిరుగుతోంది, గోడకి ఆనిస్తే ఆగిపోతోంది: కార్డ్‌లెస్ డ్రిల్ సమస్య

గుణుపురం_మాస్టారు | మే 11, రాత్రి 8:50

అందరికీ నమస్కారం. కొత్తింట్లో దిగి మూడు నెలలైంది. చిన్న చిన్న కన్నాలకి మిస్త్రీని పిలిస్తే "రేపొస్తా సార్" అంటాడు, ఆ రేపు రథయాత్ర దాకా రాదు. అందుకని మార్చిలో విశాఖపట్నం వెళ్ళినప్పుడు కార్డ్‌లెస్ డ్రిల్లింగ్ మిషన్ కిట్టు ఒకటి కొన్నాను. డబ్బా మీద 48 వోల్టులని పెద్ద అక్షరాలతో ఉంది. రెండు బ్యాటరీలు, ఒక ఛార్జరు, సూట్‌కేసు నిండా బిట్లు.

మొదట్లో బాగానే పనిచేసింది. పూజగదిలో చెక్క అర బిగించాను, ఫోటోలు తగిలించాను. గొడవంతా కర్టెన్ రాడ్ల దగ్గర మొదలైంది. ఆరు కిటికీలు. మొదటి కిటికీకి రెండు కన్నాలు ఎలాగో పడ్డాయి. రెండో కిటికీ దగ్గర బిట్టు ఆనించి నొక్కగానే కాసేపు గిర్రున తిరిగి ఠక్కున ఆగిపోతోంది. ట్రిగ్గర్ వదిలి మళ్ళీ నొక్కితే మళ్ళీ అదే. గాల్లో తిప్పితే మాత్రం బ్రహ్మాండం. బ్యాటరీ మార్చినా తేడా లేదు. ఛార్జింగ్ పెడితే పావుగంటకే పచ్చలైటు వచ్చేస్తోంది, అంటే ఫుల్లే కదా?

కొన్న షాపుకి ఫోన్ చేస్తే "మీరు వాడడం తప్పు" అని పెట్టేశారు. ఇంట్లో ఆవిడ కిటికీలకి పాత చీరలు కట్టింది. వచ్చిన ప్రతి చుట్టమూ వాటి గురించే అడుగుతున్నారు.

సాలూరు_కుర్రాడు | మే 11, రాత్రి 9:15

మాస్టారూ, అది పోయినట్టే. ఆన్‌లైన్‌లో 88 వోల్టులది వస్తోంది, రేటు కూడా తక్కువే. అది తీసుకోండి, టెన్షన్ ఉండదు.

జయపురం_వడ్రంగి | మే 11, రాత్రి 10:05

తమ్ముడూ, కొనడం ఎప్పుడైనా కొనొచ్చు, ముందు ఉన్నదేమిటో చూడనీ.

మాస్టారూ, నా దగ్గర పనికి చేరే ప్రతి కుర్రాడూ మొదటి వారంలో మిషన్ పాడైందనే అంటాడు. పదిసార్లలో ఎనిమిదిసార్లు మిషన్‌కి ఏమీ కాదు. మూడు చూడండి. బిట్టు పట్టుకునే చక్ వెనకాల అంకెలున్న రింగు ఉంటుంది, అది స్క్రూలు బిగించడానికి. ఆ అంకెల మీద ఉంచి గోడ తొలిస్తే టకటకమని శబ్దం చేసి బిట్టు ఆగిపోతుంది, మోటారు తిరుగుతూనే ఉంటుంది. దాన్ని బిట్టు బొమ్మ మీదకి, గోడకైతే సుత్తి బొమ్మ మీదకి తిప్పాలి. రెండోది, పైన 1, 2 అని గేరు బటన్. 2 అంటే వేగం ఎక్కువ, బలం తక్కువ. గట్టి పనికి 1 పెట్టాలి. మిషన్ తిరుగుతుండగా మాత్రం మార్చకండి, లోపల గేరు పళ్ళు రాలిపోతాయి. మూడోది చెప్పడానికి సిగ్గుపడతారు అందరూ: బిట్టు రివర్సులో తిరుగుతోందేమో. రివర్సులో బిట్టు గోడని రాస్తుంది తప్ప కొయ్యదు.

కిమిడి_కోడలు | మే 11, రాత్రి 10:30

నాకు కార్బన్ల (మోటారుకి కరెంటు అందించే బ్రష్‌ల) మీద అనుమానం. మాస్టారూ, మిషన్ పక్కన గాలి కంతల్లోంచి చూస్తే నిప్పురవ్వలు ఎక్కువగా కనిపిస్తున్నాయా? కాలిన వాసన వస్తోందా? మా ఇంట్లో కరెంటు డ్రిల్లుకి కార్బన్లు అరిగిపోయినప్పుడు ఇలాగే ఆగి ఆగి నడిచింది. పర్లాకిమిడి బజారులో జత కార్బన్లు కొనుక్కొచ్చి నేనే వేశాను. (మా ఆయనకి స్క్రూ ఎటు తిప్పితే బిగుస్తుందో ఇప్పటికీ అనుమానమే. ఇంట్లో డ్రిల్లు నాది, వంట ఆయనది.)

జయపురం_వడ్రంగి | మే 11, రాత్రి 10:42

అమ్మా, కరెంటు డ్రిల్లుకి మీరన్నది నిజం. ఈ చవక బ్యాటరీ కిట్లలో కార్బన్లు మోటారు డబ్బా లోపలే ఉంటాయి, విడిగా దొరకవు. పోతే మోటారు మొత్తం మార్చడమే. బ్రష్‌లెస్ అని రాసి ఉంటే కార్బన్లే ఉండవు. అయినా రెండు నెలల్లో అరగవు.

గుణుపురం_మాస్టారు | మే 12, ఉదయం 6:20

రింగు సుత్తి బొమ్మ మీదే ఉంది. టకటక శబ్దం లేదు, మొత్తం చచ్చిపోతుంది, ముందుండే లైటు కూడా ఆరిపోతుంది. రివర్సు కాదు. గేరు మాత్రం 2లో ఉంది, ఇన్నాళ్ళూ 2 అంటే బలం ఎక్కువనుకున్నాను. 1కి మార్చాక ఇంకో పావు అంగుళం దిగింది, మళ్ళీ ఆగింది. రవ్వలు లేవు. వాసన కొంచెం ఉంది, మోటారు దగ్గర కాదు, కింద బ్యాటరీ దగ్గర.

మల్టీమీటర్_రాయగడ | మే 12, ఉదయం 7:45

మాస్టారూ, మీ చివరి రెండు ముక్కలే అసలైనవి. లైటు కూడా ఆరిందంటే మోటారుకి కాదు, మిషన్ మొత్తానికే కరెంటు ఆగిపోతోంది. వాసన కింద నుంచి అంటున్నారు. అంటే బ్యాటరీ, లేదా బ్యాటరీ కూర్చునే చోటు.

ముందు ఆ 48 సంగతి. బ్యాటరీ స్టిక్కరు వెనక్కి తిప్పి చూడండి, చిన్న అక్షరాలతో 21 వోల్టులనో 18 అనో ఉంటుంది. ఈ ఆకారం బ్యాటరీలో మామూలుగా ఐదు లిథియం సెల్లులు వరసగా ఉంటాయి. ఒక్కో సెల్లు సగటు 3.6 వోల్టులు, ఐదింటికి 18. నిండా ఛార్జ్ అయితే ఒక్కోటి 4.2, అంటే 21. ఒకే బ్యాటరీని ఒకడు 18 అంటాడు, ఒకడు 21 అంటాడు, ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. 48, 88 అన్నవి మాత్రం డబ్బా మీద బొమ్మలాంటివే. 48 కావాలంటే పదమూడు సెల్లులైనా ఉండాలి, అరచేతిలో పట్టే డబ్బాలో ఎక్కడ పెడతారు? సాలూరు తమ్ముడు కొనమన్న 88లో కూడా ఇవే ఐదు సెల్లులు ఉంటాయని నా పందెం.

ఇప్పుడు రెండు ప్రశ్నలు. పావుగంటకే పచ్చలైటు రెండు బ్యాటరీలకీ వస్తోందా, ఒకదానికేనా? ఛార్జింగ్ ఎక్కడ పెడుతున్నారు?

గుణుపురం_మాస్టారు | మే 12, మధ్యాహ్నం 1:10

స్టిక్కరు వెనకాల 21 వోల్టులని ఉంది! పచ్చలైటు తొందరగా వచ్చేది ఒక బ్యాటరీకే. రెండోది గంటన్నర తీసుకుంటుంది. ఛార్జింగ్ ముందు వరండాలో, అక్కడే ప్లగ్ పాయింటు ఉంది. మధ్యాహ్నం ఎండ పడుతుంది, నిజమే. పని ఆగగానే పెట్టేస్తాను, టైం కలిసొస్తుందని.

బరంపురం_రిటైర్డ్ | మే 12, సాయంత్రం 4:00

నా దగ్గర పాత 9.6 వోల్టుల మిషన్ ఇంకా ఉంది, నికెల్ కాడ్మియం బ్యాటరీ. దాన్ని పూర్తిగా ఖాళీ అయ్యేదాకా వాడి అప్పుడే ఛార్జ్ పెట్టేవాళ్ళం, లేకపోతే సగం ఛార్జే గుర్తుపెట్టుకుంటుందనేవారు. మాస్టారు కూడా అలా చేస్తే దారికి రావచ్చు.

ఈ కార్డ్‌లెస్ డ్రిల్లు చంద్రుడి మీదకి వెళ్ళడం కోసం కనిపెట్టారని మా మనవడు వాదిస్తున్నాడు. బ్లాక్ అండ్ డెక్కర్ వాళ్ళు మొదటిది అమ్మింది 1961లో. అపోలో 15 వాళ్ళు చంద్రుడి మీద నేల తొలిచింది 1971లో. ముందు భూమ్మీదే పుట్టిందని చెప్పాను, ఒప్పుకోలేదు.

మల్టీమీటర్_రాయగడ | మే 12, సాయంత్రం 6:30

పెద్దవారు చెప్పింది నికెల్ బ్యాటరీకి సరే. సార్, లిథియంకి ఆ అలవాటు విషం. సెల్లు 2.5 వోల్టుల కంటే కిందకి పడితే దెబ్బతింటుంది. బలం తగ్గినట్టు తెలియగానే తీసి ఛార్జ్ పెట్టడమే మంచిది. మళ్ళీ మళ్ళీ నొక్కి ఆఖరి బొట్టు పిండకూడదు.

ఎండ సంగతి కూడా అంతే. లిథియం సెల్లుని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. పని చేసి కాలిపోతున్న బ్యాటరీని మే నెల ఎండలో ఛార్జర్ ఎక్కిస్తే ఆ గీత ఎప్పుడో దాటేస్తుంది. అరగంట నీడలో చల్లారనిచ్చి అప్పుడు పెట్టండి.

పావుగంట పచ్చలైటు అంటే నాకు కనిపిస్తున్నది ఇది. ఐదు సెల్లుల్లో నాలుగు నిండిపోయాయి, ఒకటి చతికిలపడింది. నాలుగూ 4.2 దాటబోతుంటే లోపలి రక్షణ బోర్డు ఛార్జింగ్ ఆపేస్తుంది. ఛార్జరు "అయిపోయింది" అనుకుని పచ్చలైటు వెలిగిస్తుంది. పనిలో దిగగానే ఆ నీరసం సెల్లు పడిపోతుంది, బోర్డు మొత్తం కట్ చేస్తుంది. ట్రిగ్గర్ వదిలితే సెల్లు కాస్త లేస్తుంది, మళ్ళీ నొక్కితే మళ్ళీ అదే కథ.

తేల్చుకోవాలంటే కొలవాలి. గుణుపురంలో మీటరున్న ఎలక్ట్రీషియన్‌ని పక్కన పెట్టుకుని చేయండి. బ్యాటరీ డబ్బా నాలుగు స్క్రూలు తీసి ఒక్కో సెల్లు మీద డీసీ వోల్టేజి చూడాలి. చేతికి ఉంగరం, వాచీ ఉంటే తీసేయండి. 20 వోల్టులు షాక్ కొట్టవు కానీ ఉంగరం అడ్డం పడితే వేలు కాలుతుంది. సెల్లు ఉబ్బినా, తడి కనిపించినా ముట్టుకోకుండా మూసేయండి.

కిమిడి_కోడలు | మే 12, రాత్రి 9:00

అది ఒక బ్యాటరీ సంగతి. రెండోది గంటన్నర ఛార్జ్ అవుతోంది కదా, దాంతో కూడా ఎందుకు ఆగుతోంది?

మల్టీమీటర్_రాయగడ | మే 12, రాత్రి 9:12

నాకూ అదే అడ్డం పడుతోంది.

గుణుపురం_మాస్టారు | మే 14, రాత్రి 7:30

మా స్కూల్లో సైన్సు మాస్టారి మీటరు తెచ్చి, ఎలక్ట్రీషియన్ని కూర్చోబెట్టి చేశాం.

మొదటి బ్యాటరీ: మొత్తం 19.6. సెల్లులు 4.15, 4.15, 4.14, 4.16, ఆఖరిది 3.02. మీరు చూడకుండా చెప్పింది చూసినట్టే ఉంది.

రెండో బ్యాటరీ: మొత్తం 20.7. ఐదూ 4.14. సమానంగా ఉన్నాయి. అయినా మిషన్‌కి పెడితే ఆగిపోతోంది.

అప్పుడు ఎలక్ట్రీషియన్ కుర్రాడు టార్చి వేసి మిషన్ అడుగున చూశాడు. బ్యాటరీ దూరే చోట రెండు రాగి రేకులున్నాయి. ఒకటి మెరుస్తోంది, రెండోది నల్లగా మాడి ఉంది, దాని చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగులోకి మారింది. లోపలంతా సిమెంటు పొడి.

మల్టీమీటర్_రాయగడ | మే 14, రాత్రి 8:05

దొరికాడు దొంగ! మీ వాసన అదే.

లెక్క చూడండి. గాల్లో తిరిగేటప్పుడు మిషన్ లాగేది ఒకటి రెండు ఆంపియర్లే. గోడకి ఆనించి గట్టిగా నొక్కితే 20 ఆంపియర్లు కూడా లాగుతుంది. ఆ రేకు దగ్గర పొడి, మసి వల్ల 0.1 ఓమ్ అడ్డు వచ్చిందనుకోండి. 2 ఆంపియర్లకి పోయేది 0.2 వోల్టు, తెలియను కూడా తెలియదు. 20 ఆంపియర్లకి 2 వోల్టులు పోతాయి, ఆ ఒక్క చోట 40 వాట్ల వేడి పుడుతుంది. మన సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. అంటే రేకు మీద సోల్డరింగ్ ఐరన్ కంటే ఎక్కువ వేడి పెట్టి గోడ తొలుస్తున్నారు. వేడికి రేకు పట్టు వదులుతుంది, సుత్తి మోడ్ అదురుకి కాంటాక్టు తప్పిపోతుంది, అంతా ఆగిపోతుంది. బ్యాటరీ ఏదైనా ఒకటే.

బాగుచేయడం కష్టమేమీ కాదు. బ్యాటరీ పక్కన పెట్టి, పొడి బ్రష్‌తో దుమ్ము దులిపి, నల్లటి రేకుని సన్నటి గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది, కాంటాక్ట్ క్లీనర్‌తో తుడవండి. రేకు రెండు పెదవుల్ని సన్న ముక్కు ప్లేయర్‌తో వెంట్రుకవాసి దగ్గరకి నొక్కండి. ప్లాస్టిక్ కరిగి రేకు ఊగుతుంటే ఆ టెర్మినల్ ముక్క మార్చాల్సిందే.

జయపురం_వడ్రంగి | మే 14, రాత్రి 9:20

దొంగ దొరికాడు సరే, ఆ దొంగని పెంచిందెవరు? మాస్టారూ, కిటికీకి ఎంత పైన తొలుస్తున్నారు?

గుణుపురం_మాస్టారు | మే 14, రాత్రి 9:31

ఫ్రేముకి మూడు నాలుగంగుళాల పైన. రాడ్డు అక్కడే కదా పెడతారు.

జయపురం_వడ్రంగి | మే 14, రాత్రి 9:58

అదిగో! అక్కడున్నది గోడ కాదు, లింటెల్. కిటికీ మీద ఇటుకల బరువు మోయడానికి పోసిన కాంక్రీటు దిమ్మ, మామూలుగా ఆరంగుళాల ఎత్తు, లోపల ఇనప చువ్వలు. పూజగదిలో మీరు తొలిచింది ఇటుక, అందుకే వెన్నలా దిగింది. కర్టెన్ రాడ్డు క్లాంపు సరిగ్గా కాంక్రీటు మీదకే వస్తుంది, ప్రతి ఇంట్లో ఇదే గొడవ.

మీ ఊళ్ళో ఎర్ర ఇటుకైతే పొడి రంగు చూసి తెలుసుకోవచ్చు, ఎర్రగా వస్తే ఇటుక, బూడిదరంగు వస్తే కాంక్రీటు. ఇప్పుడు ఒడిశా వైపు చాలా ఇళ్ళు ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) ఇటుకతో కడుతున్నారు, దాని పొడి కూడా బూడిదరంగే. చేతికి తెలియాలి. మొదటి అర అంగుళం ప్లాస్టరింగు మెత్తగా పోయి, ఆ తర్వాత బిట్టు కీచుమని అరుస్తూ ముందుకి కదలకపోతే కాంక్రీటు తగిలినట్టు. గంటలా మోగితే ఇనుము తగిలినట్టు, ఆపి అంగుళం పక్కకి జరగండి.

మీ మిషన్‌లో సుత్తి బొమ్మ ఉంది కదా అనొచ్చు. అందులో ఉన్నది రెండు పళ్ళ చక్రాలు ఒకదాని మీద ఒకటి గరగరమని రాసుకోవడమే, మీరు ఎంత గట్టిగా నెడితే అంత దెబ్బ. ఇటుకకి చాలు. కాంక్రీటుకి కావలసింది రోటరీ హ్యామరు, ఎస్‌డీఎస్ అనే గాడులున్న బిట్టు పట్టేది. అందులో పిస్టన్ గాలి ఒత్తిడితో నిజంగా సుత్తిలా కొడుతుంది, మనం నెట్టక్కర్లేదు. కరెంటు పని చేసేవాళ్ళ దగ్గర ఉంటుంది, ఒక పూటకి అడిగి తెచ్చుకోండి. 6 ఎంఎం బిట్టు, అంగుళంన్నర లోతు, కన్నంలో పొడి ఊదేసి స్క్రూ పట్టుకునే ప్లాస్టిక్ ప్లగ్ కొట్టడం. ఆరు కిటికీలు గంట పని.

కాంక్రీటు తొలవలేదని ఆ బుల్లి మిషన్ని తిట్టకండి. చెక్క పనికి నేను రోజంతా వాడేది అలాంటిదే. కానీ సాలు కర్రలో మాత్రం ముందు సన్న బిట్టుతో దారి వేయకుండా స్క్రూ ఎక్కించను, స్క్రూ తల ఊడొస్తుంది. స్క్రూ మరలకి కాస్త బట్టల సబ్బు రాస్తే ఇంకా సులువు.

సాలూరు_కుర్రాడు | మే 14, రాత్రి 10:10

వడ్రంగన్నా, 88ది నేను నిన్న ఆర్డర్ పెట్టేశాను. క్యాన్సిల్ చేయమంటావా?

జయపురం_వడ్రంగి | మే 14, రాత్రి 10:14

చెయ్యి నాయనా. మన దగ్గర రిపేరుకి మనిషి, విడిగా బ్యాటరీ దొరికే కంపెనీదే తీసుకో. ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ మిషన్‌కి పట్టదు, బాష్‌లో అయితే ఆకుపచ్చ మిషన్ 18 వోల్టుల బ్యాటరీ నీలం దానికి కూడా పట్టదు. మిషన్ కొంటున్నావంటే బ్యాటరీల కుటుంబంలోకి పెళ్ళి చేసుకుని వెళ్తున్నావన్నమాట.

కిమిడి_కోడలు | మే 15, ఉదయం 8:40

కుటుంబమంటే గుర్తొచ్చింది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వెళ్ళాక మా గజపతి జిల్లాలో కరెంటు లేని రోజుల్లో, ఎగిరిపోయిన రేకులు మళ్ళీ బిగించింది నా 12 వోల్టుల బుల్లి డ్రిల్లే. వీధిలో వాళ్ళంతా అడిగి పట్టుకెళ్ళారు. బ్యాటరీలు కారు ఇన్వర్టరు మీద ఛార్జ్ చేశాం. అందుకే అక్టోబరు దగ్గరపడితే రెండు బ్యాటరీలూ నింపి ఉంచుతాను. మిగతా రోజుల్లో వాడకుండా పక్కన పెట్టేటప్పుడు సగం ఛార్జుతో పెట్టాలని ఎక్కడో చదివాను, నిజమేనా మల్టీమీటర్ గారూ?

మల్టీమీటర్_రాయగడ | మే 15, ఉదయం 9:30

నిజమేనండి. నెలల తరబడి పెట్టాలంటే సగం ఛార్జు, చల్లటి చోటు. మిషన్‌లోంచి తీసి విడిగా.

మాస్టారూ, ఆ 3.02 సెల్లు గురించి. ఒక్కటే మార్చమంటారు కొందరు, నేను వద్దంటాను. పాత నాలుగింటి మధ్య కొత్తది ఇమడదు, మళ్ళీ బ్యాలెన్స్ తప్పుతుంది. మార్చితే ఐదూ ఒకే రకం, ఎక్కువ కరెంటు ఇచ్చే సెల్లులు వేయించాలి. పాత ల్యాప్‌టాప్‌లోవో పవర్ బ్యాంకులోవో పీకి వేస్తామంటే ఒప్పుకోకండి, అవి అంత కరెంటు ఇవ్వలేవు. సెల్లుకి నేరుగా సోల్డరింగ్ పెట్టే వాడి దగ్గరికీ వెళ్ళకండి, స్పాట్ వెల్డింగ్ మిషన్ ఉండాలి. ఈ-రిక్షా బ్యాటరీలు బాగుచేసే వాళ్ళని అడిగి చూడండి. వాళ్ళు చెప్పే రేటు కొత్త బ్యాటరీ రేటుకి దగ్గరగా ఉంటే కొత్తదే నయం. పాతది చెత్తబండిలో వేయకండి, నలిగితే నిప్పంటుకుంటుంది. 2022 నుంచి ఉన్న నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదార్లది, కొత్తది కొన్నచోట అడగండి.

గుణుపురం_మాస్టారు | మే 18, సాయంత్రం 5:15

రేకు శుభ్రం చేశాం, కాస్త దగ్గరకి నొక్కాం. ప్లాస్టిక్ రంగు మారింది కానీ కరగలేదు. రెండో బ్యాటరీతో ఇటుక గోడలో నాలుగు కన్నాలు ఒక్కసారి కూడా ఆగకుండా పడ్డాయి.

లింటెల్ జోలికి మళ్ళీ ఆ మిషన్ని తీసుకెళ్ళలేదు. ఎలక్ట్రీషియన్ కుర్రాడి రోటరీ హ్యామరు తెచ్చాం. వడ్రంగి గారన్నది నిజం, నెట్టక్కర్లేదు, పట్టుకుంటే చాలు. ఒకచోట గంట మోగింది, అంగుళం జరిపాం. దుమ్ము మిషన్‌లోకి పోకుండా కన్నం కింద కాగితం మడిచి టేపుతో అంటించాం, ఆవిడ సలహా. ప్లగ్గులు కొట్టి స్క్రూలు బిగించడం మాత్రం నా బుల్లి మిషన్‌తోనే, రింగు 8 మీద పెట్టి. టకటకమని ఆగినప్పుడు ఇదా దీని ఉపయోగం అనుకున్నాను.

చీరలు బీరువాలోకి వెళ్ళాయి. మొదటి బ్యాటరీ బాగుచేసే వాళ్ళ అడ్రసు వెతుకుతున్నాను, రాయగడలో ఈ-రిక్షా వాళ్ళున్నారని తెలిసింది, ఆదివారం వెళ్తాను.

బరంపురం_రిటైర్డ్ | మే 18, రాత్రి 7:00

శుభం. నా 9.6 వోల్టుల దానికి కూడా సెల్లులు వేస్తారేమో కనుక్కోండి మాస్టారూ. ఎనిమిది సెల్లులు, ఒక్కోటి 1.2.

మొహనా_రైతు | మే 21, ఉదయం 6:55

నమస్తే, కొత్తగా చేరాను. ఈ చర్చ మొత్తం చదివాను. నాది వేరే సమస్య. నిన్ననే కొన్నాను, బ్యాటరీ ఫుల్లు, మిషన్ అసలు తిరగడం లేదు. ట్రిగ్గర్ రాయిలా ఉంది, లోపలికే వెళ్ళట్లేదు. షాపువాడు మోసం చేశాడా?

జయపురం_వడ్రంగి | మే 21, ఉదయం 7:10

ట్రిగ్గర్‌కి కాస్త పైన అటూ ఇటూ జరిగే బటన్ ఉంటుంది, ముందుకీ వెనక్కీ తిప్పేది. అది సరిగ్గా మధ్యలో ఉందేమో చూడన్నా. మధ్యలో ఉంటే లాక్.

మొహనా_రైతు | మే 21, ఉదయం 7:12

ఉంది.